జ్ఞాపకార్థం ప్లేట్లు

నా పేరు శోభారాణి. మా ఊళ్లో మాత్రం అందరూ డబ్బా శోభ అంటారు. మటన్ షాపుకు స్టీలు డబ్బా పట్టుకుపోతానని, తొర్రూరు అంగడికి పోతే నాలుగు గుడ్డసంచులు చంకలో పెట్టుకుంటానని, బస్టాండులో చాయ్ తాగాలంటే బ్యాగులోంచి నా గ్లాసు తీసి ఇస్తానని ఆ పేరు పెట్టారు. పెట్టుకోనీ. 'కవర్ల ఏసియ్యన్నా?' అని ఎవరైనా అడిగితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ సంగతి తొర్రూరులో కూరగాయలమ్మే వాళ్లందరికీ తెలుసు.

నేను పుట్టుకతో ఇట్లాంటి మనిషిని కాదు. మూడేళ్ల కిందట మా ఊరి చెత్త ట్రాక్టర్ చెడిపోయి పదిహేను రోజులు రాలేదు. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన తిరుపతి, అంతే. మా ఒక్కగానొక్క బిడ్డ అమూల్యను అంతకుముందే భూపాలపల్లి అవతల ఘనపూర్‌లో ఇచ్చాం. ఇద్దరు మనుషులం, పదిహేను రోజులు. పెరట్లో ఒక మూలకు వేసిన చెత్త నా నడుం దాకా వచ్చింది. ఒక పొద్దున చీపురు పట్టుకొని దాని ముందు నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉండిపోయాను. పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, బిస్కెట్ కాగితాలు, ఒక కవర్లో ఇంకో కవర్, అందులో ఇంకోటి. తినేది పిడికెడు, పారేసేది ఇంతనా?

"ఏందే గట్ల నిలబడ్డవ్? పాము గిట్ల కనబడ్డదా?" అన్నాడు తిరుపతి.

"పాము గాదు. మనమే" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. ఆయనకు ఏదైనా అర్థం కావడానికి రెండు రోజులు పడుతుంది, మంచి మనిషి.

ఆ రోజు నుంచి ఒక్కొక్కటి మానుకుంటూ వచ్చాను. స్నానానికి ఒక్క బకెట్టే. బట్టలు ఉతికిన నీళ్లు అరటిచెట్టుకు. షాంపూ పొట్లాలు పోయి కుంకుడుకాయలొచ్చాయి. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే తిరుపతికి తిట్లు. కష్టంగా ఉంటుందనుకున్నాను, నెల తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటైన పని పనిలా ఉండదని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

ఇంట్లో ఎంత చేస్తే ఏం లాభం? ఊళ్లో ఒక్క పెళ్లి జరిగితే చాలు, తెల్లారేసరికి వాగు ఒడ్డంతా థర్మాకోల్ ప్లేట్లు. నాకు పిచ్చి లేచింది. ఇంటింటికీ తిరిగాను. "ఇంటికి ఆరు స్టీలు ప్లేట్లియ్యుండ్రి. ఊరందరియి ఒక్కతాన పెడదాం. ఎవరింట్ల ఫంక్షనైనా గవే వాడుకోవాలె, తిన్నోళ్లు ఎవరిది వాళ్లే కడగాలె" అని బతిమాలాను, కొన్నిచోట్ల బెదిరించాను. మా ఊరికి ఆనుకొని ఉన్న తండా నుంచి నీలవ్వ నాకు తోడొచ్చింది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి, నోరు నాకంటే పెద్దది. తండా ప్లేట్లన్నీ ఆమే పోగుచేసి నెత్తిమీద మోసుకొచ్చింది.

మా వాళ్ల తెలివి చూడాలి మరి. మా దిక్కు పెద్దవాళ్లు పోతే, సంవత్సరీకం నాడు వచ్చినవాళ్లకు తలా ఒక స్టీలు ప్లేటు పంచుతారు. జనగామ పోయి, అంచు మీద పోయినవాళ్ల పేరు కొట్టించి తెస్తారు. తెచ్చుకున్నవాళ్లు వాటిలో తినరు, మంచిది కాదంటారు. పారేయరు, పాపమంటారు. అటక మీద పాత చీరలో మూటకట్టి పెడతారు. నేను అడిగేసరికి ఊరు ఊరంతా ఆ మూటలే దింపింది. మూడు వందల నలభై ప్లేట్లు. ఏది తిప్పినా 'కీ.శే. కాటమయ్య జ్ఞాపకార్థం', 'కీ.శే. ఐలమ్మ జ్ఞాపకార్థం'. ఐలమ్మవే అరవై దాకా ఉన్నాయి, ఊళ్లో ఆమె పేరు లేని ఇల్లు లేదు.

"సూసినవా నీలవ్వా, ఎంత హుషారో! ఇంట్ల అక్కర లేనియన్ని నా నెత్తిన పెట్టిండ్రు" అని మండిపడ్డాను.

"పెట్టనీ బిడ్డా. మంచిగ గట్టిగున్నయి కద. కడుగు" అంది నీలవ్వ.

మొదటిసారి వాటిని వాడింది ఒక బోనాల విందుకు. తిన్నాక జనం వరుసలో నిలబడి బూడిదతో, కొబ్బరి పీచుతో ఎవరి ప్లేటు వాళ్లు తోముకున్నారు. ఆడవాళ్లు, మొగవాళ్లు, సర్పంచుగా చేసినాయన కూడా. మూడు వందల ప్లేట్లు బడి ముందు ఎండలో ఆరబెట్టాం. ఆ మెరుపుకు కళ్లు తెరవలేకపోయాం. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యంలో ముంచింది వంటల గుడిసె వెనకాల కనబడింది. చెత్త కోసమని వెతికితే ఒక్క గంప దొరికింది. మటన్ బొక్కలు, కరివేపాకు, ఉల్లిపొట్టు. అంతే! మూడు వందల మంది కడుపునిండా తిని లేచిన చోటు అది. నేను, నీలవ్వ ఆ గంప ముందు కూర్చొని దాన్నే చూశాం. మనుషులు భూమి మీద ఇంత తేలికగా తిని లేవచ్చా అనిపించింది.

రెండేళ్లు గడిచాయి. పెళ్లిళ్లకు, పుట్టువెంట్రుకలకు, దినాలకు అవే ప్లేట్లు. వాడీ వాడీ అంచు మీది పేర్లు మా కంటికి కనబడడం మానేశాయి. నా తప్పు అక్కడే ఉంది. మా ఊరివాళ్లకు అలవాటైంది సరే, పైఊరి నుంచి వచ్చేవాళ్లకు చదువొస్తుందన్న సంగతి నాకు తట్టలేదు.

పెళ్లయిన ఆరేళ్లకు అమూల్య నీళ్లోసుకుంది. కాన్పుకు మా ఇంటికొచ్చింది, మానుకోట దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్లె, అంటే పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక. మా దిక్కు ఆ రోజు పిల్లను తొట్లెలో వేయాల్సింది తండ్రి తల్లి, బాపమ్మ. ఆ చేతులే వేయాలి. బాపమ్మ వేసిందంటే ఆ ఇల్లు పిల్లను తన పిల్ల అని నలుగురిలో ఒప్పుకున్నట్టు. వేయకపోతే పిల్లకు, తల్లికి బతుకంతా ఆ మాట వెంటాడుతుంది.

ఆ బాపమ్మ మా వియ్యపురాలు ప్రేమలత. చెడ్డ మనిషి కాదు, భయం మనిషి. మొగుడు పోయి నాలుగేళ్లయింది. ఆ తర్వాత మరీ భయం పట్టుకుంది. పిల్లి ఎదురొస్తే బండి ఆపిస్తుంది, మంగళవారం గోళ్లు తీయనివ్వదు. ఈ మనుమరాలి కోసం ఆమె ఎక్కని గుట్ట లేదు, కట్టని ముడుపు లేదు.

ఆ రోజు నాలుగు తుఫాన్ జీపుల్లో ఘనపూర్ నుంచి వాళ్లవాళ్లు దిగారు. ఒకటింబావు దాకా మంచి గడియ లేదని పంతులు చెప్పాడు కాబట్టి, దూరం నుంచి వచ్చినవాళ్లను ముందుగా భోజనానికి కూర్చోబెట్టాం. వాకిట్లో టెంటు కింద చాపలు పరిచాం. వాళ్లు యాభై మంది, మావాళ్లు యాభై మంది. ప్లేట్లు పోగుచేశాక మా ఇంట్లో ఇదే మొదటి పెద్ద శుభకార్యం, మా ప్లేట్లు తళతళలాడుతున్నాయి, నేను పొంగిపోతూ తిరుగుతున్నాను. బగారన్నం పెట్టాం. మటన్ బకెట్ పట్టుకొని నేనే ప్రేమలత వదిన దగ్గరికి పోయాను.

ఆమె కూరకు జాగా చేయడానికి అన్నం పక్కకు జరిపింది. జరిపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంచు దగ్గరికి వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"కీర్తిశేషులు... ఐలమ్మ... జ్ఞాపకార్థం."

పక్కన కూర్చున్న తన ఆడబిడ్డ ప్లేటులోకి చూసింది. కీ.శే. కాటమయ్య. ప్రేమలత వదిన లేచి నిలబడింది.

"గివేం ప్లేట్లు వదినా? సచ్చినోళ్లయా? నా మనుమరాలి తొట్లె నాడు నాకు సచ్చినోళ్ల ప్లేట్ల అన్నం పెడ్తవా?"

ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే దాన్ని నేను. ఆ క్షణం మాత్రం గడప వైపు చూశాను. గడపలో అమూల్య పిల్లను ఎత్తుకొని నిలబడి ఉంది, దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, జర కూసో. అందరు సూస్తుండ్రు" అన్నాడు అల్లుడు సురేశ్.

"సూడనీరా! ఆరేండ్లు ఎన్ని గుళ్ల సుట్టు తిరిగిన్నో నీకెరుక లేదా? ఇన్నేండ్లకు ఒక్క పసిగుడ్డు మన ఇంట్లకొస్తే, దాని మీద సచ్చినోళ్ల నీడ వెడ్తరా? నేనెయ్య. నేను పిల్లను తొట్లెల ఎయ్య. బండి తియ్యి."

ఘనపూర్ నుంచి వచ్చిన యాభై మందీ ప్లేట్లలోంచి చేతులు తీసేశారు. తిరుపతి నా చెవి దగ్గరికి వచ్చి, "తొర్రూరు పోయి థర్మాకోల్ ప్లేట్లు తేనా? అరగంటల వస్త" అన్నాడు.

"తేపో" అన్నాను. అవును, నేనే అన్నాను. రెండేళ్లుగా ఊరందరినీ తిట్టిన నోటితోనే అన్నాను. బిడ్డ మొహం చూశాక నాకు వాగూ గుర్తుకు రాలేదు, ఒడ్డూ గుర్తుకు రాలేదు. తిరుపతి బండి తాళాల కోసం జేబు తడుముకుంటున్నాడు.

బంతి చివర్న నీలవ్వ కూర్చొని ఉంది. ఆమెకు చదువు రాదు. "ఏంది లొల్లి? గా అమ్మ ప్లేట్ల ఎవరి పేరున్నది?" అని అక్కడి నుంచే కేకేసింది.

"ఐలమ్మది" అన్నాను.

"ఐలవ్వదా? యాడీ!" అని తండా మాటలో 'అమ్మా' అనుకుంటూ నీలవ్వ మోకాళ్లు పట్టుకొని లేచింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి ప్రేమలత వదిన ముందు నిలబడింది. "పోదువు గని, జర ఆగమ్మా. నీ కోడల్ని ఎవరు పుట్టించిండ్రో నీకెరుకనా?"

ప్రేమలత వదిన కొంగు సర్దుకుంటూ బండి దిక్కు చూసింది.

"గిదే ఇంట్ల. గప్పుడు మంచి వానకాలం. వాగు నిండ పారుతాంది, దవాఖానకు తీస్కపోదామంటే బండి లేదు. ఐలవ్వ మా తండాల కాన్పు చేసి అలిసి పండుకున్నది. శోభకు నొప్పులొస్తున్నయని తెల్వంగనే వానల ఉరికొచ్చింది. నేను దీపం పట్టుకొని ఎంబడి వచ్చిన. పిల్ల పుట్టింది, ఏడువలే. నీలంగ అయింది. ఇగ పోయిందనుకున్నం. ఐలవ్వ ఇడువలే. నోట్ల నోరు వెట్టి ఊదింది, అరికాళ్లు రుద్దింది, మల్ల ఊదింది. ఎంతసేపో! నేనైతే ఆశ ఇడిసిపెట్టిన, గామె ఇడువలే. ఆఖరికి కెవ్వుమన్నది." నీలవ్వ గడపలో ఉన్న అమూల్య వైపు చెయ్యి చూపించింది. "గదో, గా పిల్లనే. దాని లోపటికి పోయిన మొదటి గాలి ఐలవ్వది. ఐలవ్వ లేకుంటే నీ కోడలేది, నీ మనుమరాలేది? గామె పేరు సూసి బండి తియ్యమంటున్నవా తల్లీ?"

ఆ మాట చెప్పాల్సింది నేను. ఆ రోజు నొప్పులు పడ్డది నేను, ఆ కెవ్వుమన్న కేక విని ఏడ్చింది నేను. రెండేళ్లుగా ఆ పేరున్న ప్లేట్లు అరవై తోముతున్నాను, ఒక్కసారీ ఐలవ్వ గుర్తుకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు మావాళ్ల వరుసలోంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది. "నా ప్లేటు ఎవరిదో జర సూడుండ్రి. నాకు కండ్లు కనవడయి."

పక్కనున్నామె అన్నం జరిపి చదివింది. "కాటమయ్యది, తాతా."

"అబ్బ, కాటమయ్యనా! మా బాయి తవ్వింది ఆయననే కదనే. నలభై గజాలు దిగిండు. నీళ్లు పడ్డయని కింది నుంచి కూతేసిండు సూడు, గిప్పటికీ ఇనవడ్తది నాకు."

ఇంకో దిక్కు నుంచి ఇంకొకరు. "నాది మంగ్యాదట. మంగ్యా అంటే తండాల డప్పు కొట్టేటాయనేనా?" "నాది మా సిన్నమ్మది! ఓ సిన్నమ్మా, నీ ప్లేట్లనే తింటున్ననా నేను!" వరుస వరుసంతా అన్నం జరుపుకొని అంచుల మీద వేళ్లు పెట్టి చదువుతున్నారు. చదువు రానివాళ్లు పక్కవాళ్లకు చూపించి అడుగుతున్నారు. ఘనపూర్ వాళ్లు కూడా ఉండబట్టలేక, "మాదెవరిదన్నా? ఏం చేస్తుండె?" అని మావాళ్లను అడగడం మొదలుపెట్టారు. బావి తవ్వినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, నలుగురు బిడ్డలను సాకినవాళ్లు, తాగి తాగి పోయినవాళ్లు, ఇరవై ఏళ్లకే పాము కరిచి పోయినవాళ్లు. చాపల మీద వంద మంది కూర్చున్నారు, వాళ్లతోపాటు ఇంకో వంద మంది వచ్చి కూర్చున్నట్టుంది. చెత్త తగ్గించడానికి నేను పోగుచేసిన సామాను అది. అంతకుమించి నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు మా ఊరు ఊరంతా, ఉన్నదీ పోయిందీ, నా వాకిట్లో పసిపిల్ల కోసం బంతికి కూర్చుంది. నేను మటన్ బకెట్ కింద పెట్టి చేతులు జోడించాను. ఎవరికి జోడించానో నాకే తెలియదు.

ప్రేమలత వదిన ఇంకా నిలబడే ఉంది. నీలవ్వను అడిగింది, గొంతు చిన్నగా ఉంది. "నిజంగ ఊపిరి ఊదిందా?"

"నా కండ్లతోటి సూసిన."

ప్రేమలత వదిన చాప మీద కూలబడింది. ప్లేటు ఒళ్లోకి తీసుకొని, అంచు మీది పేరును బొటనవేలితో తుడిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

"మా ఆయన దినాలప్పుడు నాలుగొందల మందికి పెట్టినం వదినా" అంది. "అన్ని థర్మాకోల్ ప్లేట్లే. తిని ఇంటెనక మోరీ కాల్వల పారేసిండ్రు. ఆయన మట్టిల కలిసిపోయిండు, గవి కలవలే. దినాం బోళ్లు తోమంగ కనబడ్తనే ఉంటయి. వానొస్తే తేల్తయి. ఆయన పేరు మీద మాకు మిగిలింది గదొక్కటే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వదిన కళ్లు తుడుచుకొని, "కూరెయ్యి" అంది.

ఆ ప్లేటులోనే తిన్నది. మెతుకు మిగల్చకుండా తిన్నది. వియ్యాలవారి ఎంగిలి ప్లేట్లు మేమే కడగాలని నేను ముందే అనుకొని ఉన్నాను, చేతిలోంచి లాక్కోబోతే ఇవ్వలేదు. నీళ్ల తొట్టి దగ్గర గొంతుక్కూర్చొని, పట్టుచీర తడుస్తున్నా పట్టించుకోకుండా, బూడిదతో తానే తోమింది. ఒకటింబావుకు పిల్లను రెండు చేతుల్లోకి తీసుకొని తొట్లెలో వేసింది. అమూల్య వెక్కి వెక్కి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, తిరుపతి బండి తాళాలు చేతిలో పట్టుకొనే ఏడ్చాడు. పేరు వాళ్లనుకున్నదే పెట్టారు, శ్రీనిక అని. ఐలమ్మ అని పెడతారేమోనని నీలవ్వ ఆశపడింది. ఈ కాలంలో ఎవరు పెడతారు!

నాలుగు రోజులకు ప్రేమలత వదిన వీడియో కాల్ చేసింది. మోకాళ్ల దాకా బురద, నెత్తికి తుండు చుట్టుకొని ఉంది. వెనకాల సురేశ్ మోరీలోంచి పైకి ఎక్కుతున్నాడు.

"ఏరిన వదినా! నేను, పోరడు కలిసి మూడు రోజులు ఏరినం. మూడు బస్తాలైనయి. ఒక్కటి సుత కరగలే. ఒకటి కడిగి సూసిన, మల్ల అన్నం పెట్టొచ్చు, గట్లున్నది!" అంది. ఆమె కళ్లు పెద్దవై ఉన్నాయి, అంత ఆశ్చర్యం. ఫోను తిప్పి చూపించింది. వసారాలో, దండ వేసిన మొగుడి ఫోటో కింద మూడు బస్తాలు గోడకు ఆనించి ఉన్నాయి.

"కాలవెడితే పొగ, పాతిపెడితే గట్లనే ఉంటయట. చెత్త బండిల ఏస్తే ఇంకోళ్ల ఇంటి ఎనకకు పోతయి. ఇగ వీటిని ఏడ వెయ్యాలె వదినా? నీకైతే ఎరుకుంటదని చేసిన."

నేను ఆ ఫోటో వైపూ, ఆ బస్తాల వైపూ చూశాను. నాలుగేళ్ల కిందట ఆ దినాలకు నేనూ పోయాను. వంకాయ కూర బాగుందని రెండుసార్లు వేయించుకొని తిన్నాను. తిని లేచి, అందరితోపాటు నా ప్లేటు కూడా ఆ మోరీలోనే పారేసి వచ్చాను.